కూర్చుని చేసే పని

మా ఆయన నిలబడి అన్నం తినేవాడు. పళ్ళెం ఎడమచేతిలో పట్టుకుని, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ తినేవాడు. కూర్చోమంటే, "రోజంతా కూర్చునే గందా వచ్చా" అనేవాడు. గోడ అవతల ఆడవాళ్ళు చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది కాదు. ఆయన ఎటు తిరిగితే నా చూపు అటు తిరిగేది. చేతిలో పని సాగేది కాదు, పొయ్యి మీద కూర మాడేది.

పెళ్ళయిన కొత్తలో ఆయన ఇలా లేడు. మాది నరసరావుపేట. మేం దూదేకులవాళ్ళం. మా నాయన భుజాన విల్లు వేసుకుని వీధులు తిరిగి దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. ఆయన కుట్టిన పరుపు ఎన్నేళ్ళైనా ఉండకట్టదని పేరుండేది. మా ఆయనకు మాత్రం మొదటినుంచీ మోటార్ల మీదే మనసు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సుల వెనకాల పెద్ద ఇనప డ్రమ్ములు బిగించి, వాటిలో బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. అలాంటి బొగ్గు బస్సు ఒకటి ఆయన నరసరావుపేట నుంచి కారంపూడి మీదుగా మాచర్లకు తోలేవాడు. అది బస్సు అని పేరేగానీ ఎడ్లబండి కంటే కాస్త నయం. ఎత్తు ఎక్కాలంటే ప్రయాణికులు దిగి నెట్టాలి. దారిలో ఎక్కడబడితే అక్కడ ఆగేది. ఆయన దిగి బొగ్గు కదిపేవాడు, మళ్ళీ ఎక్కేవాడు, మళ్ళీ దిగేవాడు. ఇంటికొచ్చేసరికి ముఖమంతా మసి. అలసిపోయేవాడు, బస్సును తిట్టేవాడు. ఆ తర్వాత స్నానం చేసి, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఎవరెవరు ఎక్కారో, ఎవరు ఎవరితో పోట్లాడారో కథలు కథలుగా చెప్పేవాడు. ఆ రోజుల్ని తలుచుకుంటే ఆ చాపిన కాళ్ళే ముందు గుర్తొస్తాయి నాకు.

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు తమ లారీలు వేలం వేశారు. మా ఊళ్ళో ఒక షావుకారు ఒకటి కొన్నాడు. మాచర్ల చుట్టుపక్కల గనుల నుంచి నాపరాళ్ళు తెచ్చి నరసరావుపేటలో అమ్మడం ఆయన వ్యాపారం. అప్పుడప్పుడే జనం మట్టి నేలలు తీసేసి నాపరాళ్ళు పరిపిస్తున్నారు. డ్రైవరు కావలసి వచ్చి మా ఆయన్ని అడిగాడు. జీతం కాస్త మెరుగు, పైగా మసి లేదు, బొగ్గు లేదు. ఈయన ఎగిరి గంతేశాడు.

మొదటి రోజు లారీని మా వీధిలోకి తెచ్చాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. ఆకుపచ్చ రంగు, నడుమెత్తు చక్రాలు. పక్కింటి పెద్దాయన బానెట్టు మీద చెయ్యేసి, "యుద్ధం చేసొచ్చిన బండిరా ఇది" అన్నాడు. నా చంకలో ఏడాది నిండని మా అమ్మాయి హారను మోతకు ఉలిక్కిపడి ఏడ్చింది. నాకు మాత్రం లోపల ఎక్కడో గర్వంగానే ఉంది. మా నాయన ఒక్కడే పైకెక్కి సీటు మీద అరచేయి పెట్టి నొక్కి చూశాడు.

"ఏందల్లుడా, ఇది చెక్క. పైన గోతం కప్పారు, అంతే."

"మిలిటరీ బండి మామా. సుఖానికి చేసింది కాదు."

ఇద్దరూ నవ్వారు.

ఆ రోడ్డు ఎలా ఉండేదో ఈనాటివాళ్ళకు చెప్పినా నమ్మరు. కంకర పరిచిన రోడ్డే. యుద్ధంలో మరమ్మతు చేసినవాళ్ళు లేరు. ఎడ్లబండ్ల చక్రాలు కోసిన గాడులు, పైకి లేచిన రాళ్ళు, వర్షానికి పడ్డ గుంటలు. లారీ పొద్దున్నే ఖాళీగా మాచర్ల వెళ్ళి, రాళ్ళు ఎత్తుకుని సాయంత్రానికి తిరిగొచ్చేది. బరువుతో వచ్చేటప్పుడు కష్టం కాబోలని నేననుకునేదాన్ని.

"నిండుబండి నయమే" అన్నాడు ఒకరోజు. "ఏనుగు నడిచినట్టు నడిచిద్ది. ఖాళీబండితోనే చావు. కిందుండే ఆ ఇనప కమాను పట్టీలు టన్నుల బరువుకు చేసినయ్యి. బరువు లేకపోతే వంగవు. గులకరాయి తగిలినా ఎత్తి కుదేసిద్ది."

ఆయన మార్పు ఎప్పుడు మొదలయ్యిందో నేను సరిగ్గా చెప్పలేను. ఒక్కరోజులో వచ్చింది కాదు. ముందు అరుగు మీద కూర్చోవడం మానేశాడు. ఆ తర్వాత కథలు చెప్పడం మానేశాడు. ఇంటికొచ్చినా ఆయన ఒళ్ళు ఇంకా లారీలోనే ఉన్నట్టుండేది. మంచం మీద వాలితే కాలు దానంతటదే అదిరేది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే పంటికి తగిలి టకటకమనేది. "చెవుల్లో ఇంకా మోగతానే ఉంది" అనేవాడు. కడుపులో తిప్పుతుందని తిండి తగ్గించాడు. దారిలో దిగి ఒంటేలుకు పోవాల్సి వస్తుందని, పోయినప్పుడల్లా మంటగా ఉంటుందని నీళ్ళు తాగడం కూడా తగ్గించాడు. చిన్నచిన్న విషయాలకు విసుక్కునేవాడు. విసుక్కున్నాక బాధపడేవాడు. నేను సాయంత్రమయ్యేసరికి లారీ మోత కోసం చెవులు రిక్కించేదాన్ని. వచ్చేదాకా ఒక ఆరాటం, వచ్చాక ఇంకొక ఆరాటం.

చలికాలం వచ్చింది. ఒక తెల్లవారుజామున బయల్దేరబోతూ నన్ను కేకేశాడు. వెళ్ళి చూద్దును గదా, ఆయన కుడిచేతి రెండు వేళ్ళు కొసల దాకా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. సున్నంలో ముంచినట్టు. తాకితే చల్లగా ఉన్నాయి.

"గిల్లు" అన్నాడు.

గిల్లాను.

"ఇంకా గట్టిగా."

గోరు దిగేలా గిల్లాను. ఆయన తెలియడం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పొయ్యి దగ్గర కాచుకున్నాక వేళ్ళు ఎర్రబడి సూదులు గుచ్చినట్టు మండాయి. మా అమ్మ చూసి ఎవరో చేతబడి చేశారంది, తాయెత్తు కట్టింది. ఆయన కట్టించుకున్నాడు. తాయెత్తు చేతికుండగానే మళ్ళీ వేళ్ళు తెల్లబడ్డాయి.

ఆయన పైకి చెప్పని నడుం నొప్పి సంగతి అందరికీ తెలిసింది మాత్రం మా అమ్మాయి వల్లనే. అది అప్పుడే పడుతూ లేస్తూ నడుస్తోంది. లారీ ఆగగానే వీధిలోకి పరిగెత్తింది. ఆయన కిందికి దూకి, దూకినవాడు దూకినట్టే వంగి దాన్ని ఎత్తుకోబోయాడు. సగం ఎత్తాడు. అంతే, అక్కడే బిగుసుకుపోయాడు. పైకి లేవలేడు, కిందికి దించలేడు. "పట్టుకో, పిల్లని పట్టుకో" అని గొంతులోంచి ఒక వింత అరుపు. నేను ఉరికి పిల్లని అందుకున్నాను. ఇద్దరు మనుషులు ఆయన్ని అలాగే వంగినవాణ్ణి వంగినట్టే మోసుకొచ్చి మంచం మీద పడేశారు.

ఎన్ని చేశాం! ఆముదం కాచి పట్టించాం. ఇసుక వేయించి మూటకట్టి కాపడం పెట్టాం. హకీం ఒకాయన పట్టీ వేశాడు. ఊళ్ళో డాక్టరు వచ్చి నొక్కి చూశాడు.

"బరువులెత్తుతావా?"

"లేదండి. రాళ్ళెత్తేది కూలీలు. నేను తోలేవాణ్ణి."

"ఎక్కడన్నా పడ్డావా?"

"లేదండి."

డాక్టరు బ్యాగు సర్దుకుంటూ, "కూర్చుని చేసే పనికి నడుం నొప్పేమిటయ్యా? వాతం చేసి ఉంటుంది" అని మాత్రలిచ్చి వెళ్ళాడు.

ఆ మాటే వీధిలో అందరూ అన్నారు. పక్కింటావిడ పరామర్శకొచ్చి, "మా ఆయన పొద్దస్తమానం గునపం పడతాడమ్మా, ఆయనకి లేదు నొప్పి. కూర్చుని తోలేవాడికి ఏందో" అని నా ముఖంలోకి చూసింది. షావుకారు మనిషిని పంపి ఎప్పుడొస్తాడని అడిగించాడు. అందరిలోనూ ఒకటే అనుమానం, ఈయన బద్ధకానికి నాటకమాడుతున్నాడేమోనని. నిజం చెప్పాలంటే వాళ్ళ అనుమానం కంటే ఆయన మౌనమే నన్ను ఎక్కువ తినేసింది. ఆయన కూడా తనని తానే అనుమానించుకుంటున్నట్టు గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

లేచి నడవగలిగిన రోజునే మళ్ళీ లారీ ఎక్కాడు.

ఎండాకాలం ముందర మాచర్లలో ఉన్న మా అక్కకు కాన్పు అయిందని, ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. పిల్లని మా అమ్మ దగ్గర వదిలి, పొద్దున ఖాళీ లారీలో ఆయన పక్కన కూర్చుని బయల్దేరాను. లారీ ఎక్కడం నాకదే మొదటిసారి. ఊరు దాటేదాకా బాగానే ఉంది. పైనుంచి పొలాలు చూస్తూ, రాణిలా కూర్చున్నాననుకున్నాను.

నకరికల్లు రాకముందే ఆ మురిపెం తీరిపోయింది. కింద చెక్క నన్ను ఎత్తుతోంది, కుదేస్తోంది. ఎత్తినప్పుడు కడుపు గొంతులోకి వస్తోంది. కుదేసినప్పుడు వెన్నులోంచి పుర్రెలోకి ఒక దెబ్బ పాకుతోంది. పెద్ద గుంటలు వస్తే కనీసం చూసి బిగపట్టుకోవచ్చు. గుంటల మధ్య ఉండే ఆ సన్నటి అదురు మాత్రం ఆగదు. అది పళ్ళల్లో ఉంది, గుండెలో ఉంది, కళ్ళల్లో ఉంది. దూరాన కొండ అంచు చూస్తే ఒక్క గీతగా కనబడదు, రెండు మూడు గీతలుగా వణుకుతోంది. ఏదో మాట్లాడబోయి నాలుక కొరుక్కున్నాను. ఇంజను వేడి కాళ్ళను కాలుస్తోంది. ఆయన రెండు చేతులూ స్టీరింగు మీద బిగుసుకుని ఉన్నాయి. ఆ చక్రం ఆయన పిడికిళ్ళలో పట్టిన పాములా కొట్టుకుంటోంది.

కారంపూడి వాగు దగ్గర ఆపమన్నాను. దిగి చెట్టు పట్టుకుని వాంతి చేసుకున్నాను. ఆయన కుండలో నీళ్ళు తెచ్చి పోశాడు.

"రోజూ ఇంతేనా?" అన్నాను.

ఆయన కుండ తీసుకెళ్ళి లారీలో పెట్టాడు. "ఇయ్యాల నువ్వున్నావని మెల్లగా తోలా" అన్నాడు.

నేను ఆ చెట్టు దగ్గరే కూలబడ్డాను. ఈ మనిషి పక్కన రోజూ ఉంటూ, ఒళ్ళు పడుతూ, ఈ సంగతి నాకు తెలియలేదు. ఆయన చెప్పలేదు. చెప్పినా ఇది మాటల్లో పట్టేది కాదు.

మాచర్లలో అక్క మంచం పక్కన పీట మీద కూర్చుంటే నేల ఊగుతూనే ఉంది. మూల నీళ్ళ బిందె కదులుతున్నట్టనిపించి రెండుసార్లు లేచి పట్టుకున్నాను. అక్క బాలింతరాలు, అయినా తనే నన్ను చూసి, "నీకేమయ్యిందే?" అని భయపడింది. మర్నాటికి గానీ నా ఒళ్ళు నాకు తిరిగి రాలేదు. నాకు ఒక్కపూటకే ఇంత. ఆయనకు ఆ ఒళ్ళు తిరిగి వచ్చేలోపే మళ్ళీ తెల్లారుతోంది.

అక్క కోలుకున్నాక ఇంటికొచ్చి మా నాయనతో చెప్పాను. ఆయన ఏమీ అనకుండా మంచి పత్తి తెచ్చి, రెండుసార్లు ఏకి, మందంగా, గట్టిగా, టాకాలు దగ్గర దగ్గరగా వేసి లారీ సీటుకు పరుపు కుట్టాడు. మా ఆయన దాని మీద కూర్చుని, "నవాబు గద్దె మామా ఇది" అన్నాడు. ఆ వారమంతా ఇంట్లో కాస్త నవ్వు వినబడింది. పరుపు మాత్రం వారం తిరక్కుండానే అట్టకట్టింది. మనిషి బరువు, లారీ దెబ్బలు కలిసి ఆ దూదిని పలకలా చేసేశాయి. నాయన దాన్ని విప్పి, చేత్తో విడదీసి చూసి తెల్లబోయాడు. ఆయన జీవితంలో ఆయన పరుపు అంత త్వరగా చచ్చిపోవడం అదే మొదలు. మళ్ళీ ఏకి మళ్ళీ కుట్టాడు. మళ్ళీ అంతే.

వానలు మొదలైన రోజుల్లో జరగనే జరిగింది. రాళ్ళతో నిండిన లారీ కారంపూడి వాగు దిగుతోంది. బ్రేకు తొక్కాలి. తొక్కాననే ఆయన అనుకున్నాడు. లారీ ఆగలేదు. కిందికి చూసుకుంటే కాలు బ్రేకు మీద లేదు, పక్కన రేకు మీద ఉంది. ఎక్కడుందో ఆ కాలికే తెలియలేదు. స్టీరింగు కోసి తుమ్మచెట్లలోకి తోలేశాడు. రాళ్ళ మీద కూర్చున్న కూలీలు దూకేశారు. దేవుడి దయవల్ల ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ఒకతని మోచెయ్యి చీరుకుంది. రాళ్ళు సగానికి పైగా పగిలాయి.

షావుకారు మా ఇంటికే వచ్చాడు. వాకిట్లో నిలబడి, "తాగావా? నిద్రపోయావా? ఏదో ఒకటి చెప్పు" అన్నాడు.

"రెండూ కాదయ్యగారూ. కాలు ఉందో లేదో తెలియలా."

"అదేం మాటరా? నీ కాలు నీకు తెలియకపోవడమేంది?"

మా ఆయన మందు ముట్టి ఎరగడు. తాగావా అన్న మాటకు ఆయన ముఖం మాడిపోయింది. నేను తలుపు చాటున ఉండలేకపోయాను. కొంగు సర్దుకుని బయటికొచ్చాను.

"బాబుగారూ, నేనొకరోజు ఆ బండెక్కాను. వాగుకాడ వాంతి చేసుకున్నా. మర్నాటిదాకా ఒళ్ళు నాది కాలా. ఈయన ఏడాదిగా తోలతన్నాడు. తాగే మనిషి కాదు, మీకూ తెలుసు. ఆ అదురే ఈయన కాలు తినేసింది."

షావుకారు చెడ్డవాడు కాదు. కోపం కాస్త దిగింది. "అదురుకు కాళ్ళు పోతాయంటే నేనెప్పుడూ వినలేదమ్మా" అన్నాడు. తర్వాత, "గుంటూర్లో మా చుట్టపాయన ఒక డాక్టరున్నాడు, యుద్ధంలో పనిచేసి వచ్చాడు. ఆయనకి చూపించండి. ఆయన తోలొచ్చంటేనే మళ్ళీ బండి" అన్నాడు.

రైల్లో గుంటూరు వెళ్ళాం. దారంతా ఆయన తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. డాక్టరు బక్కపలుచటి మనిషి, మాట తక్కువ. ముందు నడవమన్నాడు. పడుకోబెట్టి కాలు చాపినట్టే పైకెత్తాడు, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు, అరికాలిలో సూదితో గుచ్చుతూ తెలుస్తోందా అని అడిగాడు. ఆ తర్వాత ఎవరూ అడగని ప్రశ్నలడిగాడు. ఏ బండి, సీటు ఎలా ఉంటుంది, రోడ్డు ఎలా ఉంటుంది, ఖాళీగా ఎంతసేపు తోలతావు, దిగగానే ఏం చేస్తావు.

"ఏమీ ఎత్తలేదు, ఎక్కడా పడలేదు అంటున్నావు. రోజంతా ఆ బండే నిన్ను ఎత్తి పడేస్తోంది గదా" అన్నాడు. "మిలిటరీలో మా లారీ డ్రైవర్లలో ఇలాంటి నడుములు చాలా చూశాను. పాతికేళ్ళవాడికి ముసలివాడి నడుం. వెన్నుపూసల మధ్య మెత్తలాంటి బిళ్ళలుంటాయి. దెబ్బ మీద దెబ్బ పడితే అవి నలిగి పక్కకొస్తాయి, కాలికి పోయే నరాన్ని నొక్కుతాయి. అందుకే తిమ్మిరి. వేళ్ళు తెల్లబడడం స్టీరింగు అదురు వల్ల కావచ్చు. చలి తగిలితే బయటపడుతుంది. బీడీ తాగుతావా? మానెయ్యి. నీళ్ళు మాత్రం బాగా తాగు."

మా ఆయన అలాగే చూస్తూ కూర్చున్నాడు. కూర్చున్నాడు అన్నది నిజం, ఆ గదిలో ఆయన కదలకుండా కూర్చున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"అంత భయపడకు" అన్నాడు డాక్టరు.

"భయం కాదయ్యా. ఉన్నమాటే చెబుతున్నానని ఒకళ్ళన్నా అన్నారు" అన్నాడు.

మానెయ్యగలిగితే మానెయ్యమన్నాడు డాక్టరు. మానలేకపోతే కొన్ని చెప్పాడు. కొన్నాళ్ళు పూర్తిగా పడుకోవాలి. తర్వాత నడుముకు వెడల్పాటి గుడ్డ బిగించి కట్టుకోవాలి. దారిలో ఆగి, దిగి, నడవాలి. దిగిన వెంటనే వంగి ఏదీ ఎత్తకూడదు, దూకకూడదు. స్టీరింగును అవసరమైనంతే పట్టుకోవాలి. సీటు మార్చాలి. "పూర్తిగా తగ్గుతుందని చెప్పను. పెరగకుండా చూసుకోవచ్చు" అన్నాడు. బొగ్గు బస్సు సంగతి నేను చెబితే ఆయన నవ్వాడు. "అది మాటిమాటికీ చెడిపోయి మీ ఆయన్ని కాపాడిందమ్మా" అన్నాడు.

సీటు మార్చాలన్న మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఒకరోజు మధ్యాహ్నం మా అమ్మాయి నులకమంచం మీద గెంతుతోంది. గెంతినప్పుడల్లా నులక సాగుతోంది, మళ్ళీ లేస్తోంది. దానికేమీ తగలడం లేదు. పరుపు ఎంత మందంగా కుట్టినా కింద చెక్క చెక్కే గదా అనిపించింది. ఆయనతో చెబితే పక్కలోంచి లేవకుండానే నవ్వాడు.

"లారీలో మంచమేసుకుని తోలమంటావా ఏందే?"

"మంచం కాదు. నవ్వారు కుర్చీ లాంటిది."

వడ్రంగి చేత సీటు కొలతకు గట్టి చట్రం చేయించాను. నేనూ నాయనా కలిసి నులక అల్లాం. మొదటిది అచ్చం మంచంలా వదులుగా అల్లాం. దాన్ని బిగించి ఆయన ఊరి చివరిదాకా తోలి వచ్చాడు. తల మీద బొప్పితో దిగాడు.

"గుంట వస్తే బంతిని కొట్టినట్టు పైకి ఎగరేసిద్ది. బ్రేకు కిందుంటే నేను పైనున్నా" అన్నాడు.

విప్పాం. ఈసారి నీళ్ళలో నానేసిన తాడు బిగించి లాగి, దగ్గర దగ్గరగా అల్లాం. పైన నాయన పలుచటి పరుపు వేశాడు. అది నిలబడింది. దెబ్బ పోలేదు, దాని పదును పోయింది. సన్నటి అదురు మాత్రం సగం తగ్గిందన్నాడు. పడుకున్న రోజులు ముగిశాక, నడికట్టు కట్టుకుని మళ్ళీ లారీ ఎక్కాడు. నకరికల్లులో ఆగి లారీ చుట్టూ తిరిగేవాడు. కారంపూడిలో ఆగి వాగు ఒడ్డున నడిచేవాడు. గుంటల రోడ్డు మీద మెల్లగా పోయేవాడు. దానివల్ల పొద్దు పోయేది, కొన్ని రోజులు రాళ్ళు మర్నాటికి గానీ చేరేవి కావు. షావుకారు గొణిగేవాడు గానీ, పగిలే రాళ్ళు తగ్గాయని ఆయనే ఒప్పుకున్నాడు.

నేను కుదుటపడ్డానని చెప్పలేను. సాయంత్రమైతే వీధి మలుపు దాకా వెళ్ళి నిలబడేదాన్ని. వాగు దిగే చోటు నా కళ్ళ ముందు కదిలేది. ఆయనకు చెప్పకుండా ఆయన చెప్పుల్ని రోజూ తిరగేసి చూసేదాన్ని. కుడిచెప్పు ముందువైపు అరిగిపోతుంటే కాలు ఈడుస్తున్నట్టే గదా. ఆ ఏడు గడిచేలోగా అది అరగడం మొదలెట్టింది.

ఆయనే చెప్పాడు, నేను అడగకముందే. ఒక పొద్దున బయల్దేరి, ఊరు దాటకుండానే లారీ వెనక్కి తిప్పుకొచ్చి షావుకారు కొట్టు ముందర ఆపాడు. తాళం ఆయన చేతిలో పెట్టాడు. నాకు తర్వాత తెలిసింది, బడికి పోయే పిల్లలు రోడ్డు దాటుతుంటే బ్రేకు తొక్కాడట, బండి ఆగిందట. ఆగింది, కానీ తొక్కినట్టు కాలికి తెలియలేదట.

"ఇయ్యాల ఆగింది. రేపు సంగతి నేను చెప్పలేను" అన్నాడట షావుకారుతో.

ఇంటికి నడిచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ వేళప్పుడు ఆయన్ని ఇంట్లో చూడడం అలవాటు లేక చేతిలో పని వదిలేసి లేచాను.

"ఇచ్చేశా" అన్నాడు.

"మంచిపని చేశావు" అన్నాను. నిజంగా అదే అనుకున్నాను. అయినా ఆ రోజంతా ఇద్దరం ఇంట్లో ఒకళ్ళకొకళ్ళం అడ్డం పడుతూ తిరిగాం.

కొన్నాళ్ళు మా నాయన దగ్గర దూది ఏకడం నేర్చుకుందామనుకున్నాడు. విల్లు వేలాడగట్టి, చెక్కతో నారిని కొడితే అది జుంయ్‌మని అదురుతుంది, ఆ అదురుకు దూది విడిపోతుంది. ఆయన ఒక పూట ఏకేసరికి పట్టుకున్న చేతి వేళ్ళు మళ్ళీ తెల్లబడ్డాయి. మా నాయన చూసి విల్లు లాక్కున్నాడు. తర్వాత తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నాకూ చలికాలం ఈ రెండు వేళ్ళు మొద్దుబారతాయిరా. ముసలితనమనుకున్నా ఇన్నాళ్ళూ" అన్నాడు.

చివరికి బస్సుల దగ్గరే ఏజెంటు పని దొరికింది. కారంపూడి, మాచర్ల, వినుకొండ అని అరుస్తూ, మనుషుల్ని ఎక్కిస్తూ, సామాన్లు చూస్తూ రోజంతా తిరిగే పని. సామాన్లు తను ఎత్తడు, ఎత్తిస్తాడు. ఆయన కుదురులేనితనానికి అది సరిపోయింది. నొప్పి పోలేదు. మబ్బు పట్టిన రోజుల్లో కాలు లాగేది. నిద్రలో ఉలిక్కిపడి గాలిలో బ్రేకు తొక్కడం చాలా ఏళ్ళు ఉంది. కానీ మాటలు మాత్రం మళ్ళీ వచ్చాయి, ఒక్కటొక్కటిగా. బస్సు వచ్చి ఆగగానే డ్రైవర్లను దిగి నడవమని వెంటపడేవాడు. కుర్రడ్రైవర్లు నవ్వేవాళ్ళు. "నీకెందుకన్నా, మా నడుములు ఇనుము" అనేవాళ్ళు.

ఒకసారి మాచర్ల బస్సు డ్రైవరు ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నడివయసు మనిషి. గుమ్మం మెట్టు ఎక్కడానికే తడబడ్డాడు. నులక సీటు సంగతి మా ఆయన చెప్పాడట. నేను అల్లి ఇచ్చాను. రెండు నెలల తర్వాత తాడు వదులైందని మళ్ళీ తెచ్చాడు. నేను బిగిస్తుంటే మా ఆయన అడిగాడు.

"నడుమెట్టా ఉందన్నా? తగ్గిందా?"

ఆ డ్రైవరు ఆలోచించి చెప్పాడు. "తగ్గలా. మునుపు నకరికల్లు దాటకముందే మొదలయ్యేది. ఇప్పుడు కారంపూడి దాటాక మొదలవతంది."

మా ఆయన తలూపాడు. నేను తాడు కొస లాగి ముడి వేశాను. అంతకంటే ఎక్కువ మేమెవరికీ చెయ్యలేకపోయాం. సీటు భుజాన వేసుకుని ఆ డ్రైవరు బస్సు వేళైందని వెళ్ళిపోయాడు.